ఉసురు కొమ్మ

ఈ ఉదయం కరెంటు ఆఫీసువాళ్లు నిచ్చెన లారీ ఒకటి తెచ్చి, తీగలకు తగులుతోందని మా ఇంటి ఎదుట రోడ్డు పక్కనున్న పూవరసు చెట్టును నరకడం మొదలుపెట్టగానే, పచ్చికొయ్య వాసన, తెగిన ఆకుల వగరు వాసన, కాయల్లోంచి కారే పసుపుపచ్చ జిగురు వాసన, మూడూ కలిసి కిటికీలోంచి లోపలికి వచ్చి నా చేతిలో ఉన్న కాఫీ వాసనను కప్పేశాయి. ఏ. పళ్లిపట్టి కూడలికి దగ్గర ఇల్లు కావడంతో మాకు ఎప్పుడూ డీజిలు పొగ, టైర్ల వాసన, బజ్జీల నూనె వాసన తప్ప ఇంకొకటి తెలియదు. చాలా ఏళ్ల తరువాత వచ్చిన ఆ వాసనకు నేను లేచి కిటికీ దగ్గరికి పోయి ఉండవలసింది. పోలేదు. కాఫీ చల్లారిపోయేదాకా అట్లాగే కూర్చున్నాను.

ఈ వాసనకు నా దగ్గర ఒక ఇంగ్లిషు మాట ఉంది. ఐదో తరగతితో బడి మానేసి, బెంగుళూరులో కాంక్రీటు మోసినవాడికి ఇంగ్లిషు మాటతో ఏం పని అని మా ఇంట్లోనే నవ్వినవాళ్లు ఉన్నారు, మీరూ నవ్వవచ్చు. మాది తెలుగు మాట్లాడే ఇల్లు. ఎన్ని తరాల కిందట ఈ ధర్మపురి సీమకు వచ్చామో మావాళ్లెవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, బళ్లో దిద్దింది తమిళ అక్షరాలే. తెలుగు అక్షరాలు నేను మీసాలు వచ్చాక, బెంగుళూరులో ఒక కట్టడం దగ్గర, మదనపల్లె నుంచి వచ్చిన మేస్త్రి ఖాళీ సిమెంటు సంచి మీద బొగ్గుతో రాసి చూపిస్తే నేర్చుకున్నాను. ప్రేమతో నేర్చుకున్నానని అబద్ధం చెప్పను. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు నా మాట విని "ఇదేం తెలుగయ్యా" అని పళ్లికిలించినందుకు, ఆ కోపంతో నేర్చుకున్నాను. అదే కోపంతో పాత పుస్తకాలవాడి దగ్గర అట్ట ఊడిపోయిన ఇంగ్లిషు-తెలుగు నిఘంటువు ఒకటి సంపాదించి, మధ్యాహ్నం అన్నం వేళల్లో ఇసుక కుప్ప మీద కూర్చుని, కథల పుస్తకం చదివినట్టు వరుసగా చదువుతూ పోయాను.

అట్లా చదువుతూ ఉండగా కనబడిన మాట పొలార్డ్. తల నరికిన చెట్టు, అంటే మళ్లీ చిగుర్లు వేయాలని మొండెం పైన కొమ్మలన్నీ కొట్టేసిన చెట్టు, ఇది దానికి మొదటి అర్థం. కొమ్ములు లేకుండా పోయిన ఎద్దు, లేదా మేక, లేదా జింక, ఇది రెండోది. పిండి జల్లించగా మిగిలే సన్న తవుడు, పశువుల దాణా, ఇది మూడోది. వాటి కింద ఎప్పుడో చెల్లకుండా పోయిన నాణెం ఒకటి, ఏదో చేప ఒకటి ఉన్నాయి. నాణెం సంగతి, చేప సంగతి నాకు తెలియదు. మొదటి మూడూ మాత్రం మా వాకిట్లో ఉండినవి. ఎక్కడో మంచు కురిసే దేశంలో పుట్టిన మాట, మా ఊరు వెల్లిచందైని కలలో కూడా చూడని మాట, మా అవ్వ చెట్టును, మా నాయన ఎద్దును, మా అమ్మ జల్లెడను ఒక్క ముడిలో కట్టి నా ముందర పెట్టింది. చదివి ఏడ్చానని రాస్తే బాగుంటుంది గానీ ఏడవలేదు. పుస్తకం మూసి, సిమెంటు తట్ట నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కాను.

వెల్లిచందైకి అవతల, చెరుకు తోటలు దాటాక మా వీధి ఉండేది. అందరివీ మట్టిగోడల ఇళ్లు, అందరిదీ కూలి బతుకు. మా వాకిట్లో ఉన్న పూవరసును ఆంధ్రదేశంలో గంగరావి అంటారని ఆ మదనపల్లె మేస్త్రే నాకు చెప్పాడు. రావాకు ఆకారంలో ఆకులు, పొద్దున పసుపుగా పూసి సాయంత్రానికి ఎర్రబారి రాలిపోయే పూలు, బొంగరంలా తిరిగే కాయలు. లేత ఆకును చుట్టి కొసను పళ్లతో నొక్కి ఊదితే మేళంవాళ్ల నాదస్వరంలాగే పలికేది, నలుగురం పిల్లలం కలిస్తే వీధిలో ఒక పెళ్లి ఊరేగింపు పోయేది, అందరూ మేళగాళ్లే, పెళ్లికొడుకు దొరికేవాడు కాదు. వినాయక చవితికి అవ్వ పెద్ద ఆకులు ఏరి కడిగి, ఒక్కో ఆకులో బియ్యప్పిండి పలచగా పరిచి, నడుమ బెల్లం, కొబ్బరి పెట్టి మడిచి ఆవిరికి పెట్టేది. ఉడికిన కుడుము మీద ఆకు ఈనెలన్నీ అచ్చు పడి ఉండేవి, ఆకు ఒలిచేటప్పుడు వచ్చే పచ్చి కమ్మటి వాసన బెల్లం కన్నా ముందు ముక్కుకు తగిలేది.

ఏటా నాట్లకు ముందు నాయన ఆ చెట్టు ఎక్కి కొమ్మలు కొట్టేవాడు. ఆకులో సగం నాయన కూలికి దున్నే ఆసామి మళ్లలో ఎరువుగా బురదలో తొక్కడానికి పోయేది, సగం ఎద్దుకు మేత, బారు కొమ్మలు దడికి. ఏటా కొట్టిన చోటే కొట్టాలి, అందువల్ల మొండెం పైన పిడికిళ్లు బిగించినట్టు బొడిపెలు కట్టి ఉండేవి. నాయన పైన, అవ్వ కింద. నడుము మీద చేయి పెట్టుకుని, ఎండకు కళ్లు చికిలించి, ఇది కొట్టు, అది కొట్టు అని ఆమె చూపించేది. చివరికి ఒక్క కొమ్మ మిగిల్చి, పసుపు గుడ్డ పేలిక నాయనకు అందించి దానికి కట్టించేది. దాన్ని ఉసురు కొమ్మ అనేవాళ్లం. చెట్టు మళ్లీ చిగిర్చేదాకా ఆ ఒక్క కొమ్మతోనే ఊపిరి తీస్తుందని, అది కూడా కొడితే వేళ్లకు దారి తెలియక చెట్టు లోపల లోపలే చచ్చిపోతుందని మావాళ్ల నమ్మకం. మరుసటి ఏడు ఆ కొమ్మను కొట్టి ఇంకొకటి విడిచేవాళ్లు. మా వీధిలో ఎంత లేనివాడైనా, ఎంత తాగుబోతైనా ఉసురు కొమ్మ మీద కత్తి పెట్టేవాడు కాదు.

ఆ చెట్టుకే మా ఎద్దును కట్టేసేవాళ్లం. దాని పేరు బోడోడు. ఒక కొమ్ముకు పుండు పట్టి కుళ్లిపోతే పాత యజమాని కోయించాడు, రెండోది ఒక్కటే ఉంటే తల ఒరుగుతుందని దాన్నీ తీయించాడు. కొమ్ములు లేని ఎద్దును సంతలో ఎవరూ అడగలేదు కాబట్టే అది మావంటి ఇంటికి వచ్చింది. నాయనకు ఒక్క ఎద్దు, పక్కింటి చిన్నప్ప మామకు ఒక్క ఎద్దు. రెండూ కలిపి కాడి కట్టి, ఊళ్లోవాళ్ల చేలు కూలికి దున్నేవాళ్లు. "ఏం బావా, మీ బోడోన్ని పక్కన కడితే మావోడు సిగ్గుతో నడిచేదే లేదంటుండాడు" అనేవాడు చిన్నప్ప మామ. "మీవోనికి కొమ్ములే ఉండాయి, దున్నేది మావోడు" అని నాయన. పశువుల పండుగ నాడు వీధిలో అందరూ ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి గజ్జెలు కడుతూ ఉంటే, అవ్వ మా బోడోడి తలకు పసుపు నీళ్లలో ముంచిన గుడ్డ తలపాగాలా చుట్టి, నుదుట కుంకుమ పెద్దగా పెట్టేది. పిల్లలు వెనకపడి తమిళంలో మొట్టమాడు, మొట్టమాడు అని, అంటే బోడి పశువని, అరిచేవాళ్లు. బోడోడు పెళ్లిపెద్దలా నిదానంగా నడిచేది.

ఆ ఎద్దు ఉంటే మేము రైతుల లెక్క, అది పోతే బెంగుళూరుకు మట్టి పనికి పోయేవాళ్ల లెక్క. అప్పటికే మా వీధిలో కొన్ని ఇళ్లు తాళం పడ్డాయి. నాయనకు ఆ తాళాలంటే భయం. చిన్నవాణ్ణయినా ఆ భయం నాకు తెలిసేది, ఎందుకంటే పొద్దున లేవగానే ఆయన మొహం కడుక్కోక ముందు ఎద్దు దగ్గరికి పోయి దాని వీపు మీద చేయి వేసి నిలబడేవాడు.

ఎనభైల మొదట్లో ఒక ఏడు వానలు రాలేదు. నాట్ల కాలం వస్తోంది కదా అని ఎప్పటిలాగే చెట్టు కొట్టారు, ఉసురు కొమ్మ విడిచారు, పేలిక కట్టారు. నాట్లు పడలేదు, మళ్లకు పోవలసిన ఆకు కూడా బోడోడే తిన్నది. బొడిపెల మీద ఆవగింజల్లా లేచిన చిగుర్లు ఎండకు నల్లగా మాడిపోయాయి. బావుల్లో నీళ్లు అడుక్కు పోయాయి. తుంబలహళ్లి డ్యాములో నీళ్లు ఇంకిన చోట గడ్డి ఉందని విని నాయన, చిన్నప్ప మామ ఎద్దులను అక్కడిదాకా తోలుకుపోయారు. వాళ్లకు ముందే ఈ చుట్టుపట్ల పశువులన్నీ పోయి ఉన్నాయి, మా ఎద్దులు బీటలు వారిన ఒండ్రుమట్టిని నాకి వెనక్కు వచ్చాయి. చిన్నప్ప మామ తన ఎద్దును తిరుగు దారిలోనే కబేలాకు పోయే కేరళ లారీకి ఎక్కించేశాడు. ఇంటికి వచ్చి కాడిని అటక మీదికి తోశాడు.

ఆసామి దొడ్లో గడ్డివామి ఉండేది. దాని చుట్టూ ముళ్లకంప. నాయన పోయి, ఇంతకాలం మీ చేలు దున్నిన ఎద్దు, ఒక మోపు ఇవ్వండి అని అడిగాడు. కొమ్ములు లేని ఎద్దుకు గడ్డి దండగ, అమ్మేసెయ్ అన్నాడట ఆయన. ఇన్నేళ్లయినా ఆ మాట నాకు అరగలేదు. గడ్డి తినేది నోటితో గానీ కొమ్ములతో కాదని ఆ పెద్దమనిషికి తెలియదా? దున్నినప్పుడు కొమ్ములు గుర్తుకు రాలేదా? ఆయన పోయి చాలా కాలమైంది, ఆయన పేరు మీద ఊళ్లో బస్సు నిలిచేచోట సిమెంటు బెంచీ ఉంది. నేను నిలబడే బస్సు కోసం చూస్తాను గానీ దాని మీద కూర్చోను.

అమ్మ బియ్యం మిల్లు ముంగిట చిమ్ముకుని తవుడు తెచ్చేది. మామూలు రోజుల్లో అది నీళ్లలో కలిపి ఎద్దుకు పెట్టేవాళ్లం. ఆ ఏడు అమ్మ దాన్ని జల్లెడ పట్టింది. పైన నిలిచిన ముతక, ఊక బోడోడికి. కిందికి దిగిన సన్నది మాకు. దోరగా వేయించి, పిడికెడు రాగిపిండి కలిపి సంగటి కెలికేది. మొదట కొంచెం తీపిగా ఉండేది, తరువాత అంగిట్లో అతుక్కుని, ఎన్ని నీళ్లు తాగినా దిగేది కాదు. నేను మొహం తిప్పుకుంటే అమ్మ నవ్వుతూనే, "తినప్పా, ఆ ఎద్దును చూడు, ఇదే తిని ఎంత పెద్దగా పెరిగిందో. నీకు గూడా బలం వస్తాది" అన్నది. "నాకూ కొమ్ములు పోతాయి" అన్నాను నేను. నాయన కూడా నవ్వాడు. ఆ కరువులో మా ఇంట్లో నవ్వు వినబడింది అప్పుడే. నిఘంటువు రాసిన పండితుడు పశువుల దాణా అని రాసి చుక్క పెట్టాడు. పెట్టనీ. అది మా గొంతుల్లో కూడా దిగింది, ఆయన ఏమని రాసినా.

ఒక పొద్దున బోడోడు లేవలేదు. ముందుకాళ్లు మడుచుకుని, గడ్డం నేలకు ఆనించి, కళ్లు తెరుచుకుని పడుకుంది. నాయన తోక మెలిపెట్టాడు, కడుపు కింద చేతులు పెట్టి లేపబోయాడు. తరువాత లోపలికి పోయి మచ్చుకత్తి తెచ్చాడు. అవ్వ అప్పటికే చెట్టు మొదట్లో కూర్చుని ఉంది. పైన ఉసురు కొమ్మ ఒక్కటే పచ్చగా, పసుపు పేలికతో, వీధిలోని ఆ కాస్త నీడనూ ఆమె మీద వేస్తూ ఉంది.

"ఒరే మునిగా, ఎద్దు పోతే ఇంకో ఎద్దు వస్తాది. దాన్ని ముట్టొద్దురా" అన్నది అవ్వ.

"యాడనుంచి వస్తాదిమా? ఎవరిస్తారు మనకు?"

"మీ నాయన గూడా కరువు చూసినాడు. మేకలన్నీ చచ్చిపోయినా కొమ్మ కొట్లేదు."

"నేను బెంగుళూరు పోనుమా. ఎద్దు లేస్తే చాలు. చెట్టు మళ్లా వస్తాది లే, లేయ్."

అవ్వ లేవలేదు. నాయన ఆమెను దాటి, బొడిపెల మీద కాలు పెట్టి ఎక్కాడు. పేలికను ముందు విప్పి నడుముకు దోపుకున్నాడు. నాలుగు దెబ్బలకు కొమ్మ విరిగి దడి మీద పడింది. అంతే. వీధిలో ఎవరూ రాలేదు, ఎవరూ తిట్టలేదు. వాకిట్లోకి ఎండ వచ్చింది. అమ్మ ఆకులు దూసి పిడికిళ్లతో ఎద్దు నోటికి అందించింది, అది పడుకునే నమిలింది, సాయంత్రానికి ముందుకాళ్లు సరిచేసుకుని లేచి నిలబడింది.

పూవరసు కొమ్మ నాటితే బతికే రకం. అది తెలిసే నాయన ఆ పని చేశాడు. ఆకు దూసిన ఉసురు కొమ్మను మొదలు చెక్కి, చెట్టు పక్కనే గుంత తవ్వి నాటి, కోసిన కొసకు పేడ మెత్తి, పసుపు పేలిక మళ్లీ దానికే కట్టాడు. ఊపిరి పైన ఉంటే ఏమి, కింద ఉంటే ఏమి, కొమ్మ బతికితే చెట్టు బతికినట్టే అని ఆయన వేసుకున్న లెక్క. అట్లాంటి లెక్క మావాళ్లు తప్ప ఇంకెవరూ వేయరు. అవ్వ ఆ రోజు నుంచి బియ్యం కడిగిన నీళ్లు, మొహం కడిగిన నీళ్లు, ఏవైనా సరే చెంబులో పట్టి ఆ కర్ర మొదట్లో పోసేది. నేను స్నానం చేసేది కూడా దాని పక్కనే, నా ఒంటి మీది నీళ్లు దానికి పోవాలని.

కర్ర చిగిర్చింది. రెండు ఆకులు, ఒకటి వేలి గోరంత, ఒకటి ఇంకొంచెం పెద్దది, రాగి రంగులో. అవ్వ చూసి నన్ను పిలిచి చూపించింది, నాయనను పిలవలేదు. వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వంగి చూసి పోయారు. నాయన పనికని బయటికి పోయి వచ్చాక, ఎవరూ చెప్పకముందే చూశాడనుకుంటాను, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మరుసటి నాటి మధ్యాహ్నం బోడోడి పలుపు తెగింది. చివికిన పాత తాడు, ఎవరి తప్పూ కాదు. నేను గడపలో కూర్చుని చూస్తున్నాను. అది నిదానంగా నడిచి వచ్చి, కర్ర దగ్గర ఆగి, వాసన చూసి, నాలుక చాపి రెండు ఆకులనూ, వాటితో పాటు పసుపు పేలికను కూడా నోట్లోకి తీసుకుంది. పీకుడికి కర్ర గుంతలోంచి పెళ్లగిలి పక్కకు పడింది. నేను అరిచాను. అమ్మ చీపురు ఎత్తుకుని వచ్చింది. అవ్వ ఆమె చేయి పట్టి ఆపి, ఎద్దు దగ్గరికి పోయి, కొమ్ములు ఉండవలసిన చోట ఆ రెండు నున్నటి గుంతల నడుమ అరచేయి పెట్టి నిమిరింది.

"తిన్నీ పాపం. దానికే కదా కొట్టింది" అన్నది.

పడిపోయిన కర్రను నాయన మళ్లీ నాటాడు గానీ అది మళ్లీ చిగిర్చలేదు.

తరువాత వానలు వచ్చాయి. ఎంత అడిగినా రానివి, అడగడం మానేశాక వచ్చాయి. ఊళ్లో ఎద్దు మిగిలిన ఇళ్లు తక్కువ కాబట్టి ఆ ఒక్క పంటకు నాయనకు బాగా పని దొరికింది, ఎవరి ఎద్దునో జతకు కట్టి చేలన్నీ దున్నాడు. అందరి చెట్లూ చిగిర్చాయి. మా చెట్టు మీద కాకి వాలితే బెరడు పెళ్లలు పెళ్లలుగా ఊడి పడింది. మరుసటి ఏడు ఆసామి ట్రాక్టరు తెచ్చాడు. దాని నాగలి మా బోడోడు రోజంతా దున్నేది పొద్దెక్కక ముందే దున్నేసేది. అటు తరువాతి వేసవిలో బోడోడు సంతకు పోయింది, మేము బెంగుళూరుకు పోయాము. తాళం వేసింది నాయనే. చెట్టును కొట్టి ఎద్దును కాపాడి, ఎద్దుతో బెంగుళూరును తప్పించుకుందామనుకున్న మనిషి, చెట్టూ లేక ఎద్దూ లేక అదే బస్సు ఎక్కాడు. అవ్వ రానని అక్కడే ఉండిపోయింది. ఊరికి పోయినప్పుడల్లా మొండెం మొదట్లో తడి కనబడేది. ఆమె పోయాక తడి ఆరింది, చిన్నప్ప మామ మొండెం పెకలించి పొయ్యిలోకి వాడుకున్నాడు. అడిగి వాడుకున్నాడు, ఆయన మీద నాకు కోపం లేదు.

నరుకుడు చప్పుడు ఆగకపోవడంతో ఈ ఉదయం చివరికి బయటికి పోయాను. లారీ మీద నిలబడి కోస్తున్న కుర్రవాణ్ణి, ఒక్క కొమ్మ విడిచిపెట్టవయ్యా అని తమిళంలో అడిగాను. నా తమిళం విని వాడు నవ్వి తెలుగులోకి దిగాడు. వాళ్లది కూడా తెలుగు ఇల్లేనట, పాలక్కోడు దగ్గరట.

"ఏంటికి తాతా ఒక్కటి?"

"ఉసురు కొమ్మ."

"అంటే ఏంది?"

చెప్పాను. వాడు మంచివాడే, కోత ఆపి విన్నాడు. "మా జేజి గూడా ఏమో ఇట్లే చెప్తాది. ఫుల్లా కట్ చేయమని సార్ చెప్పినాడు తాతా, లైనుకు టచ్ అయితే నన్ను తిడ్తాడు. ఏం కాదులే, మళ్లా వస్తాది" అని మోటారు రంపం ఆన్ చేశాడు.

ఆ నిఘంటువులో తల నరికిన చెట్టుకు మాట ఉంది, కొమ్ములు పోయిన ఎద్దుకు ఉంది, జల్లించిన తవుడుకు ఉంది. విడిచిపెట్టిన ఒక్క కొమ్మకు ఆ మాట కింద ఏమీ లేదు. మాకు ఉండేది. అది ఇప్పుడు పాలక్కోడు దగ్గర ఆ కుర్రవాడి అవ్వ నోట్లో, నా నోట్లో ఉంది. నా మనవళ్లకు ఇది చదవడం రాదు.

లారీ పోయాక రోడ్డు మీద పడి ఉన్న కొమ్మల్లోంచి, చేతి మణికట్టంత లావున్నది, బారుగా ఉన్నది ఒకటి ఏరుకుని ఇంటికి తెచ్చాను. మొదలు చెక్కాను. పేడ దొరకలేదు, కొసకు తడిగుడ్డ చుట్టాను. నాటడానికి ఇంటి చుట్టూ తిరిగాను. ముందు వాకిలి, పక్క సందు, వెనక దొడ్డి, గోడ నుంచి గోడ దాకా అంతా సిమెంటు. బెంగుళూరు నుంచి తిరిగి వచ్చి ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు నేనూ నా కొడుకూ పోసిందే. నునుపుగా, ఎక్కడా పగులు లేకుండా పోశాం. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా ఆ కర్ర పట్టుకుని నిలబడి, చివరికి గోడకు ఆనించి లోపలికి వచ్చాను.

"ఆ కర్ర ఏంటికి మామా?" అని కోడలు అడిగింది.

దాని మీద ఆకులు ఇంకా వాడలేదు.